అన్న తెచ్చిన ఎలకలు

మా అన్న అజ్మతుల్లాకు అబద్ధమాడటం చేతకాదని ఉదయగిరిలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆత్మకూరు రూటులో టెంపో తోలతాడు. బండిలో ఎవరైనా చెప్పులు మరిచిపోతే ఇల్లు వెతుక్కుంటూ పోయి ఇచ్చొచ్చే రకం. నేనూ నమ్మాను. నమ్మి నా చదువంతా అతని చేతిలో పెట్టాను.

నా పరిశోధన ఎలకల కడుపులోని పురుగుల మీద. వినగానే ముక్కు మూసుకుంటారు, మూసుకోనీ. సోమశిల డ్యాం నీళ్ల నడుమ ఒక గుట్ట ఉంది. చుట్టూ నీళ్లు నిలిచాక అక్కడి ఎలకలు అక్కడే చిక్కుకుపోయాయి. మొదటి విడత నేనే పడవలో పోయి పట్టుకొచ్చి కోసి చూశాను. ఆత్మకూరు ఎలకల్లో రకరకాల పురుగులుంటే, గుట్ట ఎలకల్లో రెండే రకాలు. అయితే ఆ రెండూ పేగు నిండా కుక్కినట్టున్నాయి. మిగతా రకాలు అక్కడ నిలవలేకపోయాయని, ఈ రెంటికీ పోటీ లేకుండా పోయిందని నా వాదన. అది రుజువు కావాలంటే గుట్ట ఎలకలు ఇంకా చాలా కావాలి.

అప్పుడే వింజమూరు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. రోజుల తరబడి సెలవు దొరకదు. "నేనుండా గదా, నువ్వు పాఠాలు చెప్పుకో పో," అన్నాడు అన్న.

అతను పోయినప్పుడల్లా పెందలాడే లేచి పలావు చేసి కట్టిచ్చేదాన్ని. గాలికి ఆ నీళ్లు ఎట్లా లేస్తాయో చూసినదాన్ని కదా, అతను తిరిగొచ్చేదాకా నాకూ అమ్మీకీ ముద్ద దిగేది కాదు. మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో, చేతుల్లో బోనులతో వచ్చేవాడు. "అలలు గట్టిగా ఉండాయి మే," అనేవాడు. అమ్మీ దిష్టి తీసేది. ప్యాంటు పిండి ఆరేసేది నేను. ఎలకల్ని మందులో వేసి దాచేదాన్ని.

దసరా సెలవుల్లో ల్యాబులో కూర్చుని కోశాను. మొదటిదాంట్లోనే పొడుగాటి బద్దెపురుగు. పిండిలో, నూకల్లో తిరిగే పెంకుపురుగుల్ని తిన్న ఎలకలకు పట్టేది అది. గుట్ట మీద పిండెక్కడిది? ఇంకోటి కోశాను. పొట్ట నిండా నూకలు. కత్తెర అక్కడే పడేసి లేచాను.

ఇంటికొచ్చి అడిగాను. "గుట్టకు ఎన్నిసార్లు పోయినావు భాయ్?"

టెంపో అద్దం తుడుస్తూనే ఉన్నాడు. "ఒక్కసారీ పోలా. మల్లికార్జునం బియ్యం మిల్లులో పట్టినా. ఎలకలు ఎలకలే గద మే. లోపలి పురుగుల్ని ఎవురు చూడొచ్చినారు?"

"నేను చూస్తా. నా పనే అది."

"నీళ్లంటే నాకు భయం. చెప్తే నవ్వుతావని..."

"మరి ప్యాంటు?"

"మిల్లు కొళాయి కింద తడుపుకున్నా."

నా పలావు కూడా ఆ మిల్లులోనే కూర్చుని తిన్నాడన్నమాట. కొళాయి నీళ్లకా అమ్మీ దిష్టి తీసింది? అందుకా నేను వణికి చచ్చింది? పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకుందును. తోడబుట్టినవాడు ఇంత నాటకం ఆడితే ఎవరికి చెప్పుకోను?

మా గైడుకు జరిగింది చెప్పేశాను. ఆ ఎలకలన్నీ పక్కన పెట్టమన్నారు. చలికాలం పోయేలోగా నిజమైన గుట్ట ఎలకలు తేకపోతే ఈ పరిశోధన వదులుకోమన్నారు. అన్నతో మాట మానేశాను.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం మెడ దాకా తడిసి, పళ్లు టకటకలాడుతుంటే బోనులు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "ఈసారి నిజంగానే పోయినా మే," అన్నాడు. అమ్మీ తువ్వాలు కోసం పరుగెత్తింది. నేను బోనులు అందుకుని లోపలికి పోయాను. మర్నాడే సెలవు పెట్టి ల్యాబుకు వెళ్లాను.

కోశాను. రెండే రకాలు, పేగు నిండా. నా చదువు నిలబడింది.

అన్న ఫోను చేశాడు. "ఏమొచ్చింది మే?"

"గుట్టవే."

"నేను చెప్పినా గదా," అన్నాడు సంతోషంగా.

చెప్పాడు, నిజమే. చలికి వణుకుతూ చెప్పాడు. నేను మాత్రం ఎలకను కోసి చూశాకే నమ్మాను. రేపు ఇంకేదైనా చెబితే, దేన్ని కోసి చూడాలి?