రంగులో అతుక్కున్న ఇసుక

"వస్తాండావా మే? చట్రం పట్టుకోవల్ల."

"నేను రాను పో. నీ బొమ్మను నువ్వే పట్టుకో."

"గాలి లేకుంటే పట్టుకుంటా లే."

నాకూ నా పెనిమిటికీ నడిచిన ఆఖరి మాటలు ఇవే.

ఆయన ఆళ్లగడ్డలో అంగళ్లకు బోర్డులు రాసేవాడు. నంద్యాల ఫోటో స్టూడియోలకు తెరల మీద సముద్రం కూడా వేసేవాడు, క్యాలెండరు చూసి. మేమిద్దరం సముద్రం చూసినోళ్లం కాదు. ఒకసారి స్టూడియో యజమాని ఫ్రాన్సు దేశపు సముద్రం బొమ్మల పుస్తకం చూపించాడు. అక్కడివాళ్లు ఒడ్డుకే పోయి, నీళ్లు చూస్తూ వేసేవారట. వెలుగు మారేలోపల రంగు పడాలట. ఒక బొమ్మలో అయితే గాలికి ఎగిరిన ఇసుక రంగులో అతుక్కుని ఇప్పటికీ ఉందట. ఆ మాట విన్నాక ఆయన ఇంట్లో నిలవలేదు.

నందికొట్కూరు దాటి, కృష్ణ నీళ్లు నిలిచే చోటికి పోయేవాళ్లం. గుడ్డ బిగించిన చట్రాన్ని గాలి ఎత్తుకుపోతుందని నేను వెనక కూర్చుని రెండు చేతులా పట్టుకునేదాన్ని. బొమ్మ ఆయన వైపు, గుడ్డ వీపు నా వైపు.

"కదలద్దు మే!"

"చీమలు కుడతాండాయప్పా!"

"సముద్రంలో చీమలుండవు. ఊరకుండు."

మబ్బు అడ్డమొస్తే మబ్బును తిట్టేవాడు. నాకు విసుగు పుట్టింది. అందుకే ఆ రోజు పోలేదు. పొద్దు వాలేసరికి ఆయన్ను వ్యానులో తెచ్చారు. ఒడ్డునే గుండె ఆగిందన్నారు. బొమ్మ కూడా వచ్చింది. గాలికి బోర్లా పడి, మొహం నిండా మన్ను.

మూడో రోజు, ఆయన ఫోటో పక్కన పెడదామని, ఇంత మురికిగానా అని బొమ్మను కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. రంగు ఇంకా పచ్చిగా ఉంది. మన్నుతో పాటు సగం ఆకాశం గుడ్డకు వచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఇసుక మాట.

అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేను. కూర్చుంటే లేస్తాను, లేస్తే బొమ్మ దగ్గరికి పోతాను. బొమ్మలో కింద నీళ్ల మీద కొన్ని ఇసుక గింజలు మిగిలాయి. వేలికి గరుకుగా తగులుతాయి.

నిన్న స్టూడియో యజమాని వచ్చాడు. "ఇట్లియ్యమ్మా, ఇంకొకరితో ఆకాశం వేయించి మా అంగట్లో పెడతా," అన్నాడు. రేపు రమ్మన్నాను. రేపు వస్తే ఇవ్వను. నీళ్లు ఆయన వేశాడు. ఆకాశం నేను తుడిచాను. దాని మీద మూడో మనిషి చెయ్యి పడకూడదు.

ఇదంతా మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఈ కాగితం బొమ్మ వెనక అంటించమన్నాను. అన్నాళ్లూ నేను చూసింది ఆ వైపే.

"పెద్దమ్మా, 'రాను పో' అన్నావు కదా, అది తీసేద్దునా?"

"తీయద్దు పాపా. ఆడ నుంచే చదువు. గట్టిగా చదువు, నేను వినల్ల."