లారీకి కట్టిన రింగు

పొద్దున్నే టీవీ పెట్టుకుని అమెరికా వాళ్ల బాస్కెట్‌బాల్ చూస్తూ కూర్చున్నాను. మాకు తెల్లవారే వేళకు వాళ్లకు రాత్రి ఆట మొదలవుతుంది. ఒడిలో బీడీల చేట, చేతిలో తునికాకు, కళ్లు టీవీ మీద. సరిగ్గా ఆట చివరికొచ్చి, మా జట్టు ఒక్క పాయింటు వెనకబడి, మా వాడొకడు ఎవరూ అడ్డం రాకుండా వేసే ఫ్రీ త్రో కోసం గీత దగ్గర నిలబడ్డప్పుడు మా ఆడబిడ్డ వచ్చి తెరకు అడ్డంగా నిలబడింది. "ఏంది వదినె, పొద్దుగాల పొద్దుగాల గా పొడుగోళ్లను జూసుకుంట కూసున్నవ్? మనుమరాండ్లు పుట్టిన్రు, జర భక్తి చానల్ పెట్టరాదు?" అంది. "దేవునికి నా అవసరం లేదు. గీళ్లకున్నది, ఓడిపోతున్నరు. జరుగు" అన్నాను. జరిగింది గానీ ఊరుకోలేదు. తెర మీద కదలకుండా ఉన్న అంకెలు చూసి "అయిపోయిందా?" అంది. "లే. గడియారం ఆపిన్రు" అన్నాను. అన్నాక నా చేయి తునికాకు మీదే ఆగిపోయింది. ఎప్పుడో కోరుట్ల రోడ్డు మీద ఆగిన ఒక ఆట గుర్తొచ్చింది.

ఈ ఆటకూ నాకూ సంబంధం ఏమిటని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను బడికి పోలేదు, ఏనాడూ బంతి పట్టలేదు. అయినా నేను ఈ ఆట అభిమానినే, ఎవరి అనుమతీ తీసుకోలేదు. మా ఇల్లు అప్పుడు కోరుట్లలో డిగ్రీ కాలేజీ ప్రహరీ వెనకాల ఉండేది. గోడకు అటువైపు సిమెంటు కోర్టు. ఒకనాడు బంతి గోడ దాటి వచ్చి నేరుగా నా చేటలో పడింది. తంబాకు లేచి ఇల్లంతా తుమ్ములు. ఎవడొచ్చి అడుగుతాడో చూద్దామని దాన్ని గంప కింద మూసిపెట్టాను. ఆటల సారు వచ్చి "అక్కా, బంతీ..." అని నసిగేలోపే మా చిన్నబిడ్డ గంప ఎత్తి, వాకిట్లో నిలబడి, బంతిని గోడ అవతలికి విసిరేసింది. అది పోయి రింగుకే తగిలిందని సారు అన్నాడు. కొంత కలిపి చెప్పాడనే నా నమ్మకం, ఆయనకు జట్టులో మనుషులు తక్కువ. ఏదైతేనేం, మా బిడ్డ ఆ కాలేజీలో చేరగానే జట్టులోనూ చేరింది. మా ఆయన తాళ్లెక్కే మనిషి. "తాడిచెట్టెక్కేటోని బిడ్డకు గా రింగొక ఎత్తా?" అని కల్లు దుకాణం కాడ అందరికీ చెప్పుకున్నాడు.

టీవీలో ఆడేది జీతాల ఆట, గోడవతల ఆడేది కాలేజీ ఆట. రెండూ చూసినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, నా మనసు కాలేజీ ఆట మీదే. జీతాల ఆటలో ఒక పెద్ద ఆటగాడు బంతి పట్టుకుని గుడ్లురుముతుంటే మిగతా నలుగురు పెళ్లి వీడియోలో చుట్టాల్లా నిలబడి చూస్తారు. కాలేజీ జట్టులో అంత మొనగత్తె ఎవరూ ఉండరు. అందుకని బంతి అందరి చేతుల్లో తిరగాలి. మా బీడీల పనీ అంతే, ఒకరు ఆకు కత్తిరిస్తే ఒకరు చుట్టాలి, ఒకరు దారం కట్టాలి. ఇంకో మాట, జీతగాళ్లు సులువైన బంతికి ఎప్పుడో గానీ గురి తప్పరు. మా పిల్లలు ఎవరూ అడ్డం లేని బంతికి కూడా గురి తప్పి నెత్తి మీద చేయి పెట్టుకునేవాళ్లు. అట్లా చేయి పెట్టుకున్న పిల్లను చూస్తే నన్ను నేను చూసుకున్నట్టు ఉండేది. అయినా పొద్దున్నే జీతాల ఆట ఎందుకు చూస్తానంటే, నేను ఎంచుకున్న జట్టు ఏటేటా ఓడుతుంది. దాన్ని వదిలిపెట్టడం నాకు చేతకాదు.

అవి తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏండ్లు. వారంలో బడి ఎన్నాళ్లుందో, బందు ఎన్నాళ్లుందో ఎవరికీ లెక్క తెలియదు. మా పిల్లలకూ సిరిసిల్ల కాలేజీ పిల్లలకూ మధ్య ఒక ఆట జరగాలి. అది పెట్టినప్పుడల్లా ఏదో ఒక బందు వచ్చి ఆగిపోయేది. మా బిడ్డది చివరి ఏడాది. ఇంకో సంగతి కూడా తెలిసిపోయింది, వచ్చే ఏడు నుంచి ఆడపిల్లల జట్టు ఉండదట, ఆ కోర్టులో కాలేజీ బస్సులు నిలుపుతారట. అంటే ఈ ఆట ఇప్పుడు ఆడకపోతే ఇక ఎప్పటికీ ఆడరు. చివరికి ఎట్లాగో ఒక రోజు కుదిరింది. ముందురోజు సాయంత్రమే సిరిసిల్ల పిల్లలు దిగారు. వాళ్లకు తోడుగా ఒక పిల్ల తల్లి వచ్చింది, మరమగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టే మనిషి. మా ఇంట్లోనే దిగింది. వదినా అంటే వదినా అనుకున్నాం. అన్నం తింటూనే "మా పిల్ల మీ పిల్లలను నిలవడనియ్యది, సూడు" అంది. "ముందుగాల తిను వదినా, రేపు ఏడ్వడానికి బలం గావాలె" అన్నాను.

తెల్లారేసరికి మళ్లీ బందు. కాలేజీ గేటుకు ఉద్యమ కమిటీ పిలగాండ్లు తాళం వేసి, జగిత్యాల పోయే రోడ్డు మీద బైఠాయించారు. ఇటు ఒక వరుస లారీలు, అటు ఒక వరుస లారీలు, నడుమ ఖాళీ రోడ్డు. ఆ రోజుల్లో రాస్తారోకో అంటే రోడ్డు మీదే వంటావార్పు, రోడ్డు మీదే ఆటాపాటా. మగపిల్లలు కబడ్డీకి గీతలు గీస్తున్నారు. పొయ్యిరాళ్లు పెట్టి మా కోసం ఎదురు చూస్తున్నారు. వాళ్లకు పెద్దగా ఉన్న పిలగాడు నన్ను చూసి "రా అక్కా, బియ్యం అచ్చినయి. మీరు కిచిడి ఎక్కియ్యుండ్రి, పిల్లలు బతుకమ్మ ఆడుతరు" అన్నాడు.

"పిల్లలు బతుకమ్మా ఆడుతరు, బంతీ ఆడుతరు తమ్మీ. ఇయ్యాల బంతి" అన్నాను.

"ఉద్యమం నడుస్తాంది గదక్కా, గిప్పుడు ఆటలేంది?"

"మరి నువ్వు గీసేదేంది, ముగ్గా?"

వాడి దోస్తులే కిసుక్కున నవ్వారు. "కబడ్డీ అంటే నిరసనక్కా" అన్నాడు.

"గిదీ నిరసననే. తెలంగాణ అస్తే మాక్కూడ అస్తదా, మీ ఒక్కలకే అస్తదా? గా మాట చెప్పు, పోతం."

 సిరిసిల్ల వదిన గరిటె తీసి వాడి చేతిలో పెట్టింది. "ఉప్పు జూసి ఎయ్ బిడ్డా. మేము ఆట జూసి తింటం" అంది.

రింగులు సారు ఇంట్లో పాతవి రెండు దొరికాయి. అసలు తెలివి మా బిడ్డది. రోడ్డుకు రెండు దిక్కులా ముందు నిలిచిన లారీలు ఒకదానికొకటి ఎదురుబొదురుగా ఉన్నాయి కదా, వాటి నెత్తికే రింగులు కడదామంది. అటు లారీకి సారు ఒక రింగు కడితే, మా ఆయన తాళ్లెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకుతాడు తెచ్చి మెట్‌పల్లి దిక్కునున్న లారీ పైకెక్కాడు. అద్దం పగులుతుందని డ్రైవర్ లొల్లి పెడితే మా ఇంటి బొంత తెచ్చి అద్దం మీద కట్టాం. చెట్టు మీద ఎంత వాటంగా ఉంటాడో తెలియదు గానీ, లారీ మీద మా ఆయన కట్టిన రింగు ఒక పక్కకు ఒరిగింది. సిరిసిల్ల పిల్లలు ఒప్పుకోలేదు. సగం ఆటకు దిక్కులు మారుతాం కదా, వంకర ఇద్దరికీ సమానమే అని సారు తీర్పు చెప్పాడు.

ఆట ఎట్లా సాగిందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ చేతులు కదులుతాయి. బొంతకు తగిలిన బంతి తిరిగి రాదు, అక్కడే మెత్తగా జారి పడిపోతుంది. అందుకని తిన్నగా రింగులోకే వేయాలి. తారు రోడ్డు మీద పడ్డ పిల్లల మోకాళ్లు గీసుకుపోయాయి, ఒక్కరూ కూర్చోలేదు. వదిన బిడ్డ నిజంగానే మమ్మల్ని నిలబడనివ్వలేదు. లారీ డ్రైవర్లు టాపుల మీదెక్కి హారన్ల బదులు ఈలలు వేశారు. కిచిడి అడుగంటిన వాసన వచ్చింది గానీ వండే పిలగాండ్లు కూడా పొయ్యి వదిలేసి ఆట చూస్తున్నారు. చివరికి సిరిసిల్ల ఒక్క పాయింటు ముందుంది. మా బిడ్డ బంతితో ఎగిరితే వదిన బిడ్డ చేయి అడ్డం కొట్టింది. సారు విజిల్ వేసి, చేతి గడియారం ఆపి ఆట నిలిపాడు. మా బిడ్డకు రెండు ఫ్రీ త్రోలు, ఒక్కోదానికి ఒక్క పాయింటు.

అప్పుడే పోలీసు వ్యాన్లు వచ్చాయి. రోడ్డు ఖాళీ చేయమన్నారు. నేను పోయి బొంత కట్టిన లారీ ముందు కూర్చున్నాను. నా పక్కన మా బీడీల ఆడవాళ్లందరూ కూర్చున్నారు. సిరిసిల్ల వదిన కూడా వచ్చి కూర్చుంది. "మీ పిల్ల ఏస్తే మేము ఓడుతం. అయినా ఏసినంకనే లేస్త" అంది. ఎస్సై వచ్చి "ఏందమ్మా గీ తమాషా?" అన్నాడు. "సారూ, రెండు బంతులున్నయి. ఏసినంక యాడికి తీస్కపోతవో తీస్కపో" అన్నాను. ఆయన ఆగలేదు. మహిళా పోలీసులు మమ్మల్ని ఒక్కొక్కరినే రెక్కపట్టి లేపుతుండగానే మొదటి బంతి పోయింది. వంకర రింగు చుట్టూ తిరిగి లోపల పడింది. సమానం! రోడ్డంతా అరిచింది.

నన్నూ వదిననూ వ్యాన్‌లోకి తోసేశారు. జాలీ కిటికీలోంచి చూస్తే, దారి దొరికిందని ఆ లారీ కదిలింది. బొంతతో, మోకుతో, రింగుతో సహా మా బిడ్డ మీదికే వస్తోంది. డ్రైవర్ బొంత అంచు పక్కకు నూకి తొంగిచూస్తూ హారన్ కొడుతున్నాడు. బిడ్డ గీత మీదే బంతి పట్టుకుని నిలబడింది. రింగు దగ్గరవుతోంది, ఇంకా దగ్గరవుతోంది. చేయెత్తితే చాలు పడుతుంది. "ఎయ్యే!" అని నేను జాలీ పట్టుకుని అరిచాను. వేయలేదు. సారు చేయి పట్టి పక్కకు గుంజేశాడు. లారీ వెనక మా ఆయన "నా మోకు! అరే, నా మోకు!" అని పరుగెత్తుతుంటే పోలీసులకు కూడా నవ్వాగలేదు. ఆ మోకూ రింగూ మేడిపల్లి కాడ కల్లు దుకాణం ముందు దొరికాయి. బొంత ఏ దేశం పోయిందో తెలియదు.

సాయంత్రం మమ్మల్ని వదిలేశాక బిడ్డను అడిగాను, చేతికందే రింగులో ఎందుకు వేయలేదని. "కదిలే రింగుల ఏస్తే గెలిచినట్టా అమ్మా? గడియారం ఆపే ఉన్నది. నా బంతి నాకున్నది" అంది.

మరునాడు పేపర్లో మా సంగతి వచ్చిందంటే చదివించుకున్నాను. రోడ్డు మీద మహిళలు వంట చేసి నిరసన తెలిపారని రాశారు. మేము వండనే లేదు. ఆట ముచ్చటే లేదు. ఆ రోజే మా బిడ్డ ముందు పలక పట్టుకుని కూర్చున్నాను, నా మాట నేనే రాసుకుంటానని. ఈ వయసులో అక్షరాలా అని నవ్వినవాళ్లను నవ్వనిచ్చాను. తెలంగాణ వచ్చింది. కోర్టులో బస్సులూ వచ్చి నిలిచాయి. మా బిడ్డ ఇప్పుడు సిరిసిల్ల దిక్కు ఒక బడిలో ఆటల టీచరు, అక్కడ ఆడపిల్లల జట్టు ఉంది. వదిన ఇప్పటికీ ఫోన్ చేసి "గా బంతి పడకపోతుండె" అంటుంది. "ఎయ్యనియ్యి, సూద్దం" అంటాను.

టీవీలో మావాడి మొదటి బంతి తప్పింది. రెండోదీ తప్పింది. "ఇగ అయిపోయింది గదా" అని ఆడబిడ్డ రిమోట్ అందుకుంది. వాళ్లది అయిపోయింది, నిజమే. మాది కాలేదు. మా తలలు నెరిశాయి, ఆ రోడ్డు మీద తారు ఎన్నోసార్లు మారింది, గోడ మీది గడియారం ఎవరి కోసమూ ఆగలేదు. కానీ సారు ఆపిన గడియారాన్ని మళ్లీ నడవమని ఇంతవరకు ఎవరూ విజిల్ వేయలేదు.