కందుల సంచి అడుగున దాచిన నోటుబుక్కు

సంఘ పెద్దలకు, అక్కలకు, అన్నలకు, ముందు వరుసల కూసొని నన్ను చూసి అప్పుడే నవ్వుతున్న పిల్లలకు ప్రభువు పేరట వందనాలు. అయ్యగారు నాకు పది నిమిషాలే ఇచ్చిండ్రు, కోత పండుగ కానుకల వేలంపాట మొదలుపెట్టాలె, కాళ్లు కట్టేసిన కోళ్లు అరుస్తనే ఉన్నయి, నాకు తెలుసు. కానీ ఇయ్యాల నేను నోరు మూసుకొని కూసుంటే దేవుడు ఆ గుమ్మడికాయతోనన్న నా సాక్ష్యం చెప్పిస్తడు, అందుకే లేచిన.

పన్నెండేండ్లు, సహోదరులారా. పన్నెండేండ్లు నేను కత్తెర పట్టలే, రంగు పెన్సిలు పట్టలే, చిన్న పిల్లలు కనబడితే మొఖం తిప్పుకొని పోయిన. మీరందరు నన్ను చూసి, పాపం శాంతకుమారికి చేతులు నొప్పులు, అందుకే సండే స్కూల్ విడిచిపెట్టింది అనుకున్నరు. చేతులు నొప్పులే, అబద్ధం కాదు. కానీ అసలు జబ్బు చేతులల్ల లేకుండె, మనసుల ఉండె, అది ఎవ్వరికీ చెప్పలే.

నేను పుట్టింది కోట్‌పల్లి, లగ్గమై వచ్చింది తాండూరు. మా ఆయన ప్రభాకర్ మీకందరికీ ఎరుకే, తాండూరు నుంచి పెద్దేముల్‌కు షేర్ ఆటో నడుపుతడు. నేను కొత్తల సండే స్కూల్ టీచరుగ ఉన్నప్పుడు, ప్రతి ఎండాకాలం పిల్లల సెలవుల తరగతులకు పట్నం నుంచి బొమ్మలు చేసే సామాను వచ్చేది, మెరుపు కాగితాలు, రంగు గుడ్డలు, జిగురు సీసాలు, ముప్పై మందికి లెక్క పెట్టి పంపుతే అరవై మంది పిల్లలు వచ్చి కూసునేటోళ్లు. ఒక ఏడు ఒక చిన్న పిల్లకు ఏమీ అందలే. పక్క పిల్ల కాగితం కత్తిరిస్తుంటే కింద రాలిన ముక్కలు ఒక్కొక్కటే ఏరుకొని గౌను జేబుల పెట్టుకున్నది, ఏడ్వలేదు, అడగలేదు.

తెల్లారి మా అన్న చేనుకాడి నుంచి ఎండిన జొన్న కట్టెలు ఒక మోపు తెప్పించిన. పైన గట్టి తొక్కు తీసి, లోపలి మెత్తటి బెండును ముక్కలు చేసి, ఆ తొక్కు పుల్లలతోనే గుచ్చి ఎడ్లబండి చేసిన, కండ్లద్దాలు చేసిన, మందిరం చేసిన. పిల్లలు ఎగబడ్డరు! ఆనాడే నా మనసుల దేవుడు ఒక ఆశ పెట్టిండు, పిల్లల కోసం ఒక పుస్తకం తేవాలె, మన తెలుగుల, అందుల పైసలు పెట్టి కొనేది ఒక్కటి గూడ ఉండొద్దు, జొన్న బెండు, కంది పుల్లలు, పాత పెండ్లి కార్డులు, అగ్గిపెట్టెలు, నాపరాయి పాలిష్ కాడ పారేసే ముక్కలు, ఇవే. పచ్చ అట్ట నోటుబుక్కు ఒకటి తెచ్చి ఎడమ దిక్కు ఎట్ల చెయ్యాల్నో రాసి, కుడి దిక్కు బొమ్మ కోసం డబ్బా గీసిపెట్టుకున్న. నలభై పనులు రాసిన.

అది పట్టుకొని రైలెక్కి వికారాబాద్‌ల ఒక ప్రెస్సుకు పోయిన. ఆ ప్రెస్సాయన అన్ని పేజీలు తిప్పి చూసి, "మంచిగున్నయమ్మా, కానీ సగం బొమ్మలు లేవు కద, అవి గూడ గీసి తీస్కరా, అచ్చు వేద్దాం" అన్నడు. వచ్చేటప్పుడు రైల్ల సీటు దొరికినా కూసోలే, అంత సంబురం.

ఇంక పందొమ్మిది బొమ్మలు మిగిలినయి. అప్పుడే నా వేళ్లు వాయవట్టినయి. పొద్దున లేస్తే జుట్టు ముడి వేసుకోరాదు, చెంబు పట్టరాదు. వికారాబాద్ దవాఖానల చూపిస్తే కీళ్ల జబ్బు అన్నరు, మందులు ఎప్పటికీ వాడాలె అన్నరు. అప్పుడు మన సంఘంల ఒక అక్క, ఇప్పుడు ప్రభువు దగ్గరికి పోయింది, ఇంటికొచ్చి, "బిడ్డా, నువ్వు చెప్పు, ఆ బొమ్మలు నేను గీస్త" అన్నది. నేను ఏమన్ననో తెలుసా? "వద్దక్కా, నీకు గీత సక్కగ రాదు" అన్న. ఆమె కండ్లు చూసిన, అయినా మాట వెనుకకు తీసుకోలే. నా పుస్తకం, నా చెయ్యి, నా గీత. ఇంకొకరి చెయ్యి దాని మీద పడొద్దు. అది నా మొండితనం, సంఘం ముందర ఒప్పుకుంటున్న.

చెయ్యి బాగుకాలే, బొమ్మలు కాలే. ఒకనాడు మోకరించి ఏం ప్రార్థన చేసిన్నో చెప్తే సిగ్గయితది. "ప్రభువా, చేతులు తీసుకున్నవ్, ఇగ ఈ ఆశ గూడ నువ్వే తీసుకో, నాకొద్దు" అన్న. కోపంతోని అన్న. లేచి ఆ నోటుబుక్కును ప్లాస్టిక్ కవర్ల చుట్టి కందుల సంచి అడుగున పెట్టిన. మా అమ్మ భూమి కాగితాలు గూడ కందుల్లనే దాచేది, వేపాకు ఉంటది, పురుగు పట్టదు. ప్రతి ఏడు మా అన్న కొత్త కందులు పంపుతే, నోటుబుక్కు అడుగున పెట్టి పైన కందులు పోసి మూతి కట్టేదాన్ని. పారెయ్యనూ లేదు, తెరిచి చూడనూ లేదు.

ఇగ పోయిన ఏడాది కోత పండుగ. ఆ దినం నాకు మోకాళ్లు గూడ వాసి మంచం దిగలే. మా ఆయనతోని, "మన దిక్కు నుంచి కందులు కానుకియ్యి" అన్న. ఆయన గిన్నెల కొలుస్తడా, మా ఆయన, సంచి సంచే ఎత్తుకొని వచ్చి ఈ బల్ల ముందర పెట్టిండు. పెద్దేముల్ పాస్టరమ్మ ఆనాడు మనకు అతిథిగ వచ్చింది, వేలంల ఆ సంచి ఆమెనే పాడుకున్నది. అంతటితోని అయిపోలే, ఆ సంచిని, పాస్టరమ్మను మా ఆయనే తన ఆటోల ఎక్కించుకొని పెద్దేముల్ల దింపి వచ్చిండు!

సాయంత్రం ఇంటికొచ్చినాక సంచి ఏదని అడిగిన. చెప్పిండు. నోటుబుక్కు గూడ దాంతోనే పోయింది.

"నువ్వే కదనే కందులు ఇయ్యమన్నవ్" అన్నడు.

"కందులు ఇయ్యమన్న, నా పానం ఇయ్యమన్ననా?" అని ఏడ్చిన. వారం దినాలు ఆయనతోని మాట్లాడలే. పాపం, ఆయనే అన్నం వండుకున్నడు, నాకు గూడ పెట్టిండు.

పోయి అడగొచ్చు కద అంటరు. ఎట్ల అడుగుత? బల్ల ముందర పెట్టింది దేవునిది, వేలం అయినంక అది నాది అని ఎవరన్న అడుగుతరా, మన సంఘంల ఎన్నడన్న జరిగిందా? ఫికర్‌తోని నిద్ర పట్టేది కాదు. "ప్రభువా, నేనియ్యలే, ఆయనకు తెల్వక ఇచ్చిండు, నాది నాకియ్యి" అని రోజూ ప్రార్థించిన. వద్దని దాచినదాని కోసం ఇంత గోస పడుతున్ననంటే, ఆ ఆశ నాల చావలేదని అప్పుడు తెలిసింది. జవాబు మాత్రం రాలే. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది.

మే నెలల పాస్టరమ్మ దగ్గర నుంచి మా ఆయనతోని కబురొచ్చింది, "సెలవుల తరగతులు ఆఖరి దినం శాంతక్కను తప్పకుండ తీస్కరా" అని. నోటుబుక్కు సంగతే అడుగుతదేమో అని భయపడ్డ. అయినా ఆటోల కూసున్న.

పెద్దేముల్ మందిరంల అడుగు పెట్టిన, సహోదరులారా, దేవునికే మహిమ, గుమ్మంలనే నిలబడి పైకి చూసిన. ఈ గోడ నుంచి ఆ గోడకు దారాలు కట్టి, జొన్న బెండు బండ్లు, పెండ్లి కార్డుల నక్షత్రాలు, కంది పుల్లల నిచ్చెనలు, నలభై రకాలు, నావే, నా పేజీలల్ల ఉన్నవే, గాలికి ఊగుతున్నయి. ఏ పిల్ల చెయ్యి ఖాళీగ లేదు. నేను పోయి ఎవరి జేబుల చూసినా కింద ఏరుకున్న ముక్కలు లేవు.

పాస్టరమ్మ వచ్చి నా చేతులు మెల్లగ పట్టుకొని అన్నది, "అక్కా, కందులు చాటల పోస్తే నీ పుస్తకం బయటపడ్డది. మీద నీ పేరున్నది. నువ్వు దేవునికే కానుక ఇచ్చినవనుకున్న. పట్నం సామాను ఈ ఏడు మాకు రానే లేదు, ఇది లేకుంటే నేను పరేషాన్ అయ్యేదాన్ని."

కానుక అట. పుస్తకం తెరిచిన. నేను ఖాళీగ విడిచిపెట్టిన పందొమ్మిది డబ్బాలల్ల పిల్లలు బొమ్మలు గీసిండ్రు. వంకర టింకర గీతలు, ఎడ్లకు మూడు కాళ్లు, బండి కంటే మనిషి పెద్దగ. ముందుగాల నాకు ఏమొచ్చిందో నిజం చెప్త, కోపమొచ్చింది. నా పుస్తకంల ఎవరు గీయమన్నరు అని నోటిదాక వచ్చింది. అంతల ఏడెనిమిదేండ్ల పిల్ల ఒకతి నా కొంగు గుంజి, "టీచరమ్మా, గీడ నువ్వు తప్పు రాసినవ్, తొక్కు ముందుగాల తీస్తే బెండు ఇరుగుతది, జర నానబెట్టి తియ్యాలె, నేను గట్లనే గీసిన చూడు" అన్నది. చూసిన. నిజమే, నీళ్ల గిన్నె గీసింది, అందుల జొన్న కట్టె గీసింది. పక్కనున్న చిన్నోళ్లు నా రాత చదవనే లేదు, ఆ పిల్ల బొమ్మ చూసే బండి చేసుకున్నరు.

నాకు ఆ అక్క యాదికొచ్చింది, నీకు గీత సక్కగ రాదు అని నేను పంపించిన అక్క. అక్కడనే, పిల్లల నడుమ, మోకాళ్లు వంగకున్నా వంచి కూసొని ఏడ్చిన. "ప్రభువా, నన్ను క్షమించు, ఇన్నేండ్లు నా చేతులను చూసుకుంటనే కూసున్న, నీకు ఇన్ని చేతులున్నయని చూడలే" అన్న. పిల్లలు ఎందుకేడుస్తున్నవని అడుగుతుంటే నవ్వొచ్చింది, ఏడుపు, నవ్వు రెండూ ఒక్కసారి.

నా కీళ్ల నొప్పి పోయిందని నేను చెప్పను. ఇప్పటికీ మందులు మింగుతున్న, ఈ మైకు గూడ రెండు చేతులతోని పట్టుకున్న, చూస్తున్నరు కద. కానీ ఆ మొండితనం పోయింది, చేదు పోయింది, నేను విడుదల పొందిన. ఆదివారం మళ్ల పిల్లల దగ్గర కూసుంటున్న, నేను చెప్త, వాళ్లు కత్తిరిస్తరు.

ఆ నోటుబుక్కు పట్టుకొని మళ్ల వికారాబాద్ రైలెక్కినం, నేను, పాస్టరమ్మ. ఆ ప్రెస్సుల ఇప్పుడు ప్రెస్సాయన కొడుకు ఉన్నడు. "ఈ పిల్లల బొమ్మలు మార్చి మంచిగ గీపిద్దామా?" అన్నడు. వద్దన్న! మూడు కాళ్ల ఎద్దును గట్లనే ఉంచమన్న. పుస్తకం మొన్న వచ్చింది. అట్ట మీద నా పేరు, దాని కింద పెద్దేముల్ పిల్లల పేర్లు అన్నీ ఉన్నయి. మొదటి పేజీల ఆ అక్క పేరు పెట్టి, క్షమించమని రాసిన. ఆఖరి పేజీల ఒక డబ్బా ఖాళీగ విడిచిపెట్టినం, అది చదివే పిల్లది.

నా తల్లులారా, మీలో ఎవరన్న దేవుడిచ్చిన ఆశను మూటగట్టి దాచుకున్నరేమో, ఇగ నాతోని కాదు అని మూతి బిగించిండ్రేమో. యేసయ్యను నమ్మండి. నేను ఇయ్యనన్నా నా చేతుల నుంచి తీసుకొని వాడుకున్న దేవుడు, మీరు మనసార ఇస్తే ఊకుంటడా?

చివరిగ ఒక్కమాట. అదో, ఆ బల్ల ముందర నాలుగు కందుల సంచులున్నయి. అందుల ఒకటి మాది. ప్రెస్సు నుంచి వచ్చిన మొట్టమొదటి పుస్తకం దాని అడుగున ఉన్నది, నేనే పెట్టిన, ఈసారి తెలిసే పెట్టిన. ఏ సంచి అనేది చెప్పను, మా ఆయనకు గూడ తెల్వదు, అట్ల చూడకు ప్రభాకర్. ఎవరు పాడుకున్నా, ఏ ఊరికి పోయినా నేను వెనుకకు అడగను. దేవునికే స్తోత్రం. ఇగ వేలంపాట మొదలుపెట్టండి, అయ్యగారూ.