చెవి వెనకాల పుట్టుమచ్చ

పోయిన నెల పెన్షను కాగితాల కోసం చిత్తూరులో ఒక ఆఫీసుకు వెళితే, అక్కడి కుర్ర అధికారి నా టెన్త్ సర్టిఫికెట్టు తిరగేసి, పుట్టుమచ్చలు చూపించమన్నాడు. నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఎందరి ఒంటి మీది మచ్చలో చూశాను గానీ, నా మచ్చలు చూపించమని అడిగినవాడు ఇతనే మొదటివాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు డాక్టరుగారు తలెత్తకుండా సర్టిఫికెట్టులో ఉన్నదే ఎక్కించుకున్నారు. మొదటి మచ్చ కుడి అరచేతిలో ఉంది, చూపించాను. రెండోది ఎడమ చెవి వెనకాల. అతను మొహమాటపడి పక్క సీటులోని అమ్మాయిని చూడమన్నాడు. ఆ పిల్ల నా జుట్టు ఎత్తి, చెవి వంచి, సెల్‌ఫోను లైటు వేసి మరీ చూసి, "ఈడ ఏమీ లేదు సార్" అంది. అతను నా ఎడమ బుగ్గ వైపు చూశాడు. "బుగ్గ మీద ఇంత మచ్చ పెట్టుకోని, లేనిదాన్ని రాపిచ్చుకున్నారేమమ్మా? సోమవారం రాండి, పెద్దసారు ఏమంటాడో సూద్దాం" అన్నాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పెన్షను ఆగిపోతుందేమోనని దిగులు పడాల్సిన చోట నాకు నవ్వు వచ్చింది. ఆ మచ్చ రాసింది మా ఆఫీసమ్మ.

ఆమెకు వేరే పేరుంది గానీ హాజరు పట్టీలో తప్ప ఎక్కడా ఎవరూ వాడలేదు. తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే దారిలో, చెరకు తోటల మధ్య ఉన్న మా హైస్కూలుకు ఆమె గుమాస్తా. హెడ్మాస్టర్లు వచ్చేవారు, బదిలీ అయి పోయేవారు. ఆమె మాత్రం బంకా లక్కా కలిసిన వాసన వేసే ఆ గదిలో ముప్పై ఏళ్లు కదలకుండా ఉండిపోయింది. కొత్త హెడ్మాస్టరు మొదటి వారం ఆమెకు పనులు చెప్పేవాడు, రెండో వారం నుంచి ఆమెను అడిగి చేసేవాడు. ఆదివారం చర్చి వీధిలో ప్రార్థన ముగిశాక పాస్టరుగారి చుట్టూ పదిమంది చేరితే, ఆమె చుట్టూ ఇరవై మంది ఉండేవారు, చేతుల్లో రేషన్ కార్డులూ హాస్టలు అప్లికేషన్లూ పట్టుకుని. గుడికి పోయే మా అమ్మలాంటివాళ్లు కూడా ఆ పూట చర్చి గేటు దగ్గర నిలబడేవారు. ఎవరి దేవుడు ఎవరైనా ఫారం నింపేది ఆమే కదా.

పదో తరగతి పరీక్ష ఫారాలు నింపే రోజుల్లో ఆమె గది ముందు పెద్ద వరస. ఒక్కొక్కరికీ రెండేసి పుట్టుమచ్చలు వెతికి ఇంగ్లీషులో రాయాలి. 'ఎ మోల్ ఆన్ ది లెఫ్ట్ చీక్' అన్నది మా బడిలో అందరికీ తప్పు లేకుండా వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క. రెండో మచ్చ దొరక్క నా స్నేహితురాలు ఒకతె మోచేతి మీద పెన్నుతో చుక్క పెట్టుకుని వెళ్లింది. ఆఫీసమ్మ బొటనవేలు నాలిక మీద తడి చేసి ఒక్క రుద్దు రుద్దింది. "గవర్మెంటు కాయితం మే ఇది, గోడ మీద ముగ్గు కాదు" అని తరిమేసింది. అంత నిక్కచ్చి మనిషి.

నా సంగతి వేరే. ఆరేళ్లప్పుడు మా గానుగ దగ్గర బెల్లం పెనంలో పాకం చింది, నా ఎడమ బుగ్గ కాలింది. బళ్లో నన్ను 'పాకం' అని పిలిచేవారు. ఆ ఏడు మా క్లాసు టీచరు ముందుగా చిత్తు జాబితా రాస్తూ, "నీకు మచ్చలు ఎతకాల్సిన పనే లేదులే, అల్లంత దూరానికే కనపడతాది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయన చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నాడు. నేను మాత్రం ఇంటికొచ్చి, పరీక్షా వద్దు, సర్టిఫికెట్టూ వద్దు అన్నాను. "మంచిదే, రేపట్నించి గానుగ కాడికి రా" అన్నాడు మా నాయన. ఆయనకు ఒక కూలి మనిషి కలిసొచ్చింది. అలా నా చదువు ఒక్క మాటతో అయిపోయింది.

ఫారాలకు ఆఖరి రోజు సాయంత్రం ఆఫీసమ్మ మా గానుగ కాడికి వచ్చింది. సంచిలో నా ఫారం ఉంది. నాయనతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నన్ను వెలుతురులోకి లాక్కెళ్లి అరచేతులు తిరగేసింది, ఒక మచ్చ దొరికింది. మెడ చూసింది, చేతులు చూసింది, ఇంకోటి దొరకలేదు. చివరికి నా చెవి వంచి, "ఇదో, ఈడుండాది!" అంది. పెన్ను మూత పళ్ల మధ్య పట్టుకుని అక్కడికక్కడే రాసేసింది. "బుగ్గ మీదిది రాయరా?" అని అడిగాను. "అది దెబ్బ మే. దెబ్బ మానిపోతాది. మానిపోయేదాన్ని సర్టిఫికెట్టులో రాస్తారా ఎవురన్నా?" అంది. నేను సంతకం పెట్టాను. చెవి వెనకాల ఉన్నది ఎవరికి వాళ్లకు కనపడదు కాబట్టి, ఆ మచ్చను నమ్ముకునే నర్సు చదువు చదివాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను. ఉందో లేదో చూడమని ఎవరినీ అడగలేదు.

ఆ ఆదివారం తిరుచానూరు దారిలో చెల్లెలి కూతురింట్లో ఉంటున్న ఆమె దగ్గరికి వెళ్లాను. ఎనభై దాటింది. చెప్పిందంతా విని, కళ్లద్దాలు పెట్టుకుని, నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చెవి వంచి చూసింది. "నేను సూసినప్పుడు ఉండె. యాడ పోగొట్టుకుంటివి?" అంది, మొహంలో ఎక్కడా నవ్వు లేకుండా. తర్వాత నా గడ్డం పట్టుకుని బుగ్గ తిప్పి చూసింది. "దెబ్బ యాడుండాది మే? నాకేం కనపడలేదే" అంది. ఆమె కంటిచూపు సంగతి నాకు తెలుసు. అయినా ఏడుపు ఆగలేదు. ఆమె నా ఏడుపును పట్టించుకోలేదు. "పెన్నుండాదా?" అని చెయ్యి చాపింది. చెవి వెనకాల చల్లగా చుక్క తగిలింది. "రేపు పని అయ్యేదాకా తలకు పోసుకోవద్దు" అంది.

సోమవారం ఆ అమ్మాయి మళ్లీ సెల్‌ఫోను లైటు వేసింది. నా చెవి దగ్గర ఆమె వేలు కాసేపు ఆగింది. "ఉండాది సార్. మొన్న నేనే సరింగా సూడలేదు" అంది ఆ పిల్ల. అధికారి సంతకం పెట్టాడు. ఇంటికి వస్తూ బస్సులో చెవి వెనకాల తడుముకోబోయి, చెరిగిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా ఆఫీసమ్మ గవర్మెంటు కాగితంలో ఏనాడూ అబద్ధం రాయలేదు. ఇదొక్కటి నలభై ఆరేళ్లు ముందుగా రాసింది, అంతే.