పైగదిలో కుట్టు సంఘం

మా పెద్ద తోడికోడలు ఈ ఇంటి పైభాగంలో ఉండేది, నేను కింద. అందరూ ఆవిడను కుట్టక్క అనేవారు. భర్త పోయాక, దిక్కులేని ఆడపిల్లలకు ఊరికే కుట్టుపని నేర్పేది. మధ్యాహ్నమైతే మా కప్పు మీద మిషన్లు టకటకలాడేవి. ఆ చప్పుడే ఆవిడకు తోడు.

ఒక పెద్దమనిషి కొత్త మిషన్లు ఇస్తానన్నాడు, కాని రిజిస్టరైన సంస్థకే ఇస్తాడట. మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ అక్క కిందికి దిగింది. ఇద్దరం ప్లీడరు దగ్గరకు వెళ్ళాం.

"ట్రస్టు పెట్టుకోండమ్మా, ఎప్పటికీ మీ మాటే చెల్లుతుంది. సంఘమైతే ఈ పిల్లలంతా సభ్యులు. రేపు చేతులెత్తి మిమ్మల్నే దింపేస్తారు."

"దింపనీ బాబూ, ఈ మోకాళ్ళతో నా అంతట నేను దిగలేకపోతున్నా," అంది అక్క. ప్లీడరు పకపకా నవ్వాడు. అక్క మళ్ళీ అంది, "చేతికి పనొస్తే సరిపోదు, వాళ్ళకి నోరు కూడా ఉండాలి. సంఘమే రాయండి."

కొన్నాళ్ళకు పైగదిలోనే సభ్యుల సమావేశం జరిగింది. పొట్టిగా ఉంటుందని అక్క బొత్తాం అని పిలిచే పిల్ల లేచింది.

"కోప్పడకక్కా. బజార్లో కిందగది దొరికింది. ఇక్కడి మెట్లు చూసి కాళ్ళు బాగోనివాళ్ళు నేర్చుకోడానికి రావట్లేదు."

ఒక్కొక్క చెయ్యీ లేచింది. చివరికి అక్క కూడా ఎత్తింది, చేతిలో కత్తెర అలాగే ఉంది.

మిషన్లు వెళ్ళిపోయాయి. పిల్లలు మొదట్లో రోజూ వచ్చేవారు, తర్వాత తీరినప్పుడు.

"కుర్చీలో కూర్చో అక్కా, నలుగురం మోసుకెళ్తాం," అంది బొత్తాం ఒకసారి.

"నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది లేవే, తొందరేముంది?"

ఆ పిల్ల వెళ్ళాక నేను ఉండబట్టలేక అన్నాను. "ట్రస్టే పెట్టుంటే మిషన్లు ఇక్కడే ఉండేవి కదక్కా."

"ఉండేవి. వాళ్ళ నోళ్ళే మూతబడేవి." నేల మీద మిషన్ల కాళ్ళ గుర్తుల వైపు చూసింది. "ఒక్కటైనా ఉంచమని అడగాల్సింది," అంది మెల్లగా.

అడగలేదు. నలుగురు మోసే రోజే వచ్చింది. బొత్తాం వెక్కివెక్కి ఏడ్చింది.

మొన్న మొదటిసారి బజార్లోని ఆ గదికి వెళ్ళాను. విశాలంగా, వెలుతురుగా ఉంది. గుమ్మం పక్కన చంకకర్ర ఆనించుకుని ఒక పిల్ల కాజాలు కుడుతోంది. అక్కకు చెప్పాలని గబగబా ఇంటికి వచ్చాను. సగం మెట్లెక్కాక గుర్తొచ్చింది. అక్కడే కూలబడ్డాను.