పచ్చ రంగు వచ్చినా ఒప్పుకోని గ్రేస్ గారు

2007 చలికాలం. నోయిడాలో ప్రభుత్వ సాయంతో నడిచే ఒక సాఫ్ట్‌వేర్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. సర్కారు ఆఫీసుల కంప్యూటర్లలో విండోస్ బదులు వేసే లినక్స్ డిస్క్ మా దగ్గరే తయారయ్యేది. అందులోకి వెళ్ళే ఒక్కో ప్రోగ్రామునూ ప్యాకేజీ అంటాం. మేం రాసిన సోర్సును, అంటే ప్రోగ్రాము రాతను, ప్యాకేజీగా కట్టి ఇచ్చే ఉమ్మడి సర్వర్ల ఏర్పాటు పేరు బిల్డ్ సర్వీసు. ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు లాంటిదనుకోండి. పొయ్యి ఒకటే, వండుకునేవాళ్ళు అనేకమంది, కూర మాడితే ప్రతివాడూ పక్కవాడి వైపు చూస్తాడు.

ఆ వంటింటి పెత్తనం గ్రేస్ గారిది. ఆవిడది నరసాపురం. తల్లీ చెల్లెలూ ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సులు, ఆవిడొక్కతే కంప్యూటర్లలోకి వచ్చింది. నాది వరంగల్. నోరూ ఎక్కువే, తొందరా ఎక్కువే.

నా ప్యాకేజీ పని, తెర మీద ఉన్న అక్షరాలను పైకి చదివి వినిపించడం. దాని కోసం కళ్ళల్లో వత్తులేసుకుని ఎదురుచూసిన మనిషి సుబ్బారావు గారు. ఈ మాట ఆయనదే, ఆయనే నవ్వుతూ అనేవారు. పుట్టుకతోనే చూపు లేదు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంటల్ పరీక్ష రాయాలి, సర్వీసు రూల్స్ ఒక పేపరు, అకౌంట్స్ ఒక పేపరు. అంతకు ముందు రెండుసార్లు స్క్రైబ్‌తో, అంటే తాను చెబుతుంటే రాసే మనిషితో, రాసి తప్పారు.

ఢిల్లీ అశోకా రోడ్‌లో మన తెలుగు క్యాంటీన్‌లో భోజనానికి కూర్చున్నప్పుడు పప్పులో నెయ్యి కలుపుకుంటూ చెప్పారు.

"బాబూ, నేను చెప్పిందే రాశాడో, తనకి తోచింది రాశాడో ఆ దేవుడికే ఎరుక. చదివి వినిపించవయ్యా అంటే, ‘టైమ్ నహీఁ హై అంకుల్’ అనేవాడు. ఈసారి కంప్యూటర్ మీద నేనే రాసుకుంటానని పోట్లాడి ఒప్పించాను. కానీ మీ డిస్క్‌లో అధికారికంగా వచ్చిందే వేస్తామంటున్నారు. వస్తుంది కదూ?"

"ఎందుకు రాదు సార్! నాది పూచీ," అన్నాను. ఎంత ధీమా నాకు!

సరిగ్గా అప్పుడే కంపైలర్ మారింది. సోర్సును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాము అది. అది మారితే ప్యాకేజీలన్నిటినీ మళ్ళీ కట్టాలి. దాన్నే రీబిల్డ్ అంటాం. దానికితోడు కొత్త సర్వర్ వచ్చింది. నా ప్యాకేజీకి పురిట్లోనే సంధి కొట్టింది. నా కంప్యూటర్లో శుభ్రంగా తయారవుతుంది, సర్వీసులో ఫెయిల్. మళ్ళీ నొక్కితే పాస్. ఇంకోసారి నొక్కితే ఫెయిల్. దీనికి మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. తెర మీద ఫెయిల్‌కి ఎరుపు, పాస్‌కి పచ్చ. ఎరుపు వస్తే, బిల్డ్‌లో జరిగిందంతా వరసగా నమోదయ్యే లాగ్ ఎవరూ చదవరు, రీబిల్డ్ బటన్ మళ్ళీ నొక్కుతారు. "జా, చాయ్ పీ కే ఆ, ఫిర్ దబా దే" అని, పోయి చాయ్ తాగొచ్చి మళ్ళీ నొక్కమని, సీనియర్లే సలహా ఇచ్చేవారు. పచ్చరంగు వచ్చేదాకా చాయ్ తాగడమే మా వైద్యం.

శుక్రవారం సాయంత్రానికి ఎరుపులో ఉన్నవాటిని డిస్క్ నుంచి తీసేస్తామని మేనేజర్ చెప్పేశాడు. ఆ శుక్రవారం మధ్యాహ్నం నా ప్యాకేజీ పచ్చబడింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. మేనేజర్ కూడా వచ్చి, "హో గయా నా? డాల్ దో డిస్క్ మే," అన్నాడు, ఇక డిస్క్‌లో వేసెయ్యమని.

గ్రేస్ గారు మాత్రం కదల్లేదు. ఆవిడకో అలవాటు. పాసైన ప్యాకేజీని వాడేవాళ్ళు ఎలా వాడతారో అలా ఒకసారి వాడి చూసేది. నా ప్యాకేజీ వేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, నేను చెప్పిన సుబ్బారావు గారి పరీక్షలో వచ్చే సర్వీసు రూల్స్ కొన్ని టైపు చేసి వింది. తర్వాత హెడ్‌ఫోన్ నా చేతికిచ్చింది.

గొంతు చదువుతోంది. కానీ అంకెలు రాగానే మింగేస్తోంది. పదిహేడో రూలు అనాల్సిన చోట ఉత్త నిశ్శబ్దం.

"ఇది ఫెయిలవడం కన్నా ప్రమాదమండీ," అంది గ్రేస్ గారు. "సుబ్బారావు గారికి పరీక్షలో కూర్చున్నాక తెలుస్తుంది, ఇది మాట మింగుతోందని."

"మేడమ్, ఇంకోసారి నొక్కితే..."

"చేతికి దొరికిన దొంగని వదిలేసి మళ్ళీ దొంగతనం ఎప్పుడు జరుగుతుందా అని కాపలా కాస్తారా ఎవరైనా?"

పాసైన లాగ్, ఫెయిలైన లాగ్ పక్కపక్కన పెట్టింది. మేమంతా చివర్లో ఎర్ర లైను చూసి ఊరుకుంటే ఆవిడ మొదటి లైను నుంచి వేలు పెట్టి చదివింది. రెండింట్లోనూ లైన్లు అవే, వరస మాత్రం వేరు. నా కంప్యూటర్ పనులను ఒకదాని తర్వాత ఒకటి చేస్తుంది. కొత్త సర్వర్ అనేక పనులను ఒకేసారి చేస్తుంది. గొంతు పలికే ధ్వనుల ఫైలు పూర్తవకముందే దాన్ని ప్యాకేజీలోకి మూటగట్టే పని మొదలైపోతోంది. ఫైలు అసలు లేకపోతే ఫెయిల్. సగం తయారై ఉంటే ఆ సగాన్నే కట్టేసి పాస్! అంకెల ధ్వనులు రాని సగంలో ఉండిపోయాయి.

ఆ తర్వాత ఆవిడ చేసింది చూసి నాకు మతిపోయింది. ధ్వనుల పని కావాలని ఆలస్యంగా మొదలయ్యేలా చేసి, బిల్డ్ నొక్కింది. ఫెయిల్. మళ్ళీ నొక్కింది. ఫెయిల్. ఎర్ర లైను వచ్చిన ప్రతిసారీ ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"క్యా కర్ రహీ హో, గ్రేస్?" మేనేజర్ తల పట్టుకున్నాడు.

"సర్, అబ్ హర్ బార్ మర్ రహా హై," అని, ఇప్పుడు ప్రతిసారీ చస్తోందని చెప్పి, నా వైపు తిరిగి, "దాక్కున్న రోగానికి మందెలా వేస్తామండీ? ఇప్పుడు బయటికొచ్చింది, రాయండి," అంది.

నేను రాసింది ఒకే ఒక్క లైను. ధ్వనుల ఫైలు పూర్తయ్యేదాకా మూటగట్టే పని ఆగాలి, అంతే. ఆలస్యాన్ని అలాగే ఉంచి నొక్కాం. పాస్. ఆలస్యం తీసేసి నొక్కాం. పాస్. ఆవిడ మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రూల్ నంబర్లన్నీ విన్నాకే డిస్క్‌లోకి పంపింది. అలాంటి మనిషి పక్క సీట్లో పనిచేయడం నా అదృష్టం. ఈ మాట ఆవిడతో అంటే, "చాల్లెండి, వెళ్ళి తినండి" అని కసిరింది.

సుబ్బారావు గారు పరీక్ష రాశారు. ఫలితాలు వచ్చిన రోజు ఆయన ఫోన్ చేస్తే, ఆవిడ కూడా వింటుందని స్పీకర్ పెట్టాను.

"రూల్స్ పేపర్ గట్టెక్కింది బాబూ. అకౌంట్స్ పోయింది."

"మా ప్యాకేజీ ఏమైనా..." అని గ్రేస్ గారు అడిగింది.

"అబ్బే, అది బంగారంలా చదివిందమ్మా. రాసిందంతా మళ్ళీ విన్నాను. లెక్క నేనే తప్పు చేశాను, ఎక్కడ చేశానో కూడా తెలుసు!" ఆయన గొంతులో ఎంత సంబరమో. "ఇన్నాళ్ళకి నా తప్పు నాకు కనిపించింది తల్లీ. వచ్చేసారి దాని సంగతి చూస్తాను."

గ్రేస్ గారు చప్పున మొహం పక్కకి తిప్పుకుంది. నాకైతే కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎరుపు వచ్చినప్పుడు నేను బటన్ వైపు చెయ్యి చాచలేదు. లాగ్ తెరిచి, మొదటి లైను నుంచి చదువుతాను.