గేటు పుస్తకంలో నంబరు గడి

లష్కర్ బోనాలు అయిన తర్వాతి ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, యాప్రాల్‌లో నేను ఆకుకూరలు అమ్మే కాలనీ మీటింగులో నా బండి సంగతి తీశారు. హాలు గోడకు గడియారం ఉంది. చూసే చెబుతున్నాను.

నాది చిన్న బ్యాటరీ బండి. తెల్లవారుతూనే బోయిన్‌పల్లి మార్కెట్‌లో సరుకు తీసుకుని, వెనక ఒక గంప, కాళ్ల దగ్గర ఒక గంప పెట్టుకుని వస్తాను. అంతకుముందు పన్నెండేళ్లు తోపుడు బండి తోశాను. మోకాళ్లు అరిగాక ఇది కొన్నాను. ఇది లేకపోతే ఆ మూడు గల్లీలు తిరగలేను. తిరగకపోతే నా బేరం లేదు.

మూడు వారాల ముందు, చివరి ఇంటి సారు కారు మలుపులో జోరుగా వచ్చి టీచరమ్మకు తగిలింది. బడి ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి, చర్చికి నడిచి వెళ్తోంది. చెయ్యి విరిగితే సిమెంటు పట్టీ వేశారు. నా అరవై రెండో ఏట నాకు అక్షరాలు నేర్పింది ఆమే. తోటకూర కట్టలు పక్కన పెట్టించి, తన వరండాలో కూర్చోబెట్టుకుని దిద్దించింది.

ఆ దెబ్బతో కాలనీలో బండ్లకు కట్టడి పెట్టాలన్నారు. మంచిదే అనుకున్నాను. తీరా గేటుకు అంటించిన కాగితం చూస్తే, లైసెన్సు, నంబరు ప్లేటు లేని బండ్లు లోపలికి రాకూడదని రాసి ఉంది. రోజూ వచ్చే బండ్లలో అవి లేనిది నాదొక్కటే. గుద్దింది కారు, ఆపింది నన్ను. ఆ కాగితం నాకెవరూ చదివి పెట్టలేదు. నేనే చదువుకున్నాను. అందుకే పిలవకపోయినా మీటింగుకు పోయి ముందు వరస కుర్చీలో కూర్చున్నాను.

సెక్రటరీ సారు మెత్తగానే మాట్లాడాడు. నా మీద ఆయనకేం కోపం లేదట. వాచ్‌మన్ దగ్గరి పుస్తకంలో బండి నంబరు రాసే గడి ఉందట, నంబరే లేకపోతే రేపు ఏదైనా జరిగితే ఎవరిని పట్టుకోవాలని అడిగాడు. కారు సారు అందుకుని, తనకు ముప్పై ఏళ్ల నుంచి లైసెన్సు ఉందనీ, ఈ బ్యాటరీ బండ్లవాళ్లకే రూల్సు తెలియవనీ అన్నాడు. నాకు మండింది.

"మీకు ముప్పై ఏండ్ల లైసెన్సు ఉన్నది సారు. టీచరమ్మకు మూడు వారాల పట్టీ ఉన్నది" అన్నాను.

ఆయన ఫోను చూసుకున్నాడు.

లైసెన్సు వద్దనేదాన్ని కాను. మా ఆయన మోండా మార్కెట్ దగ్గర రిక్షా తొక్కిన రోజుల్లో ఆ రిక్షాకు నంబరు బిళ్ల ఉండేది. దసరా నాడు ముందు ఆ బిళ్లను తోమి బొట్టు పెట్టి, తర్వాతే రిక్షా కడిగేవాడు. మనిషిని ఎక్కించుకునే బండికి పూచీ ఉండాలనేవాడు. ఉండాల్సిందే. లారీకి ఒకటి, కారుకు ఒకటి, ఎంత బరువూ ఎంత జోరూ ఉంటే అంత కట్టడి. ఆ లెక్కన నా బండి అన్నిటికన్నా కింద ఉంటుంది. సైకిళ్లు తొక్కే పిల్లలే నన్ను దాటిపోతారు.

ఆ మాటే అంటే సెక్రటరీ సారు రుజువు అడిగాడు. బండితో ఇచ్చిన పుస్తకం ప్లాస్టిక్ కవరులోంచి తీశాను. ఆయన చెయ్యి చాపాడు.

"ఇటియ్యమ్మా, నేను చదివి చెప్తా."

"నేనే చదువుత."

వెనక ఎవరో ఇద్దరు నవ్వారు. టైము లేదని ఒకరు గొణిగారు. అప్పుడు టీచరమ్మ లేచింది.

"చదవనివ్వండి. ఆవిడకి వచ్చు."

వేలు పెట్టి చదివాను. గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లు దాటని ఈ వాహనానికి, అన్నదాకా బాగానే వచ్చింది. రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోయాను. నడుమ అక్షరంలో ఒకే బండి మీద ముగ్గురు ఎక్కినట్టుంటుంది. పక్క కుర్చీలోని ఓ ఇంటి కోడలమ్మ అందించబోతే టీచరమ్మ బాగున్న చేతితో ఆపింది. ముగ్గురినీ ఒక్కొక్కరినే దించి చదివాను. రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు అవసరం లేదు. హాలంతా వినక తప్పలేదు. నా చదువూ నా బండిలాంటిదే, జోరు లేదు, ఎవరినీ గుద్దదు.

చదివి కూర్చోలేదు. "కట్టడి పెడితే జోరుకు పెట్టుండ్రి. అందరికీ ఒక్కటే, నాకు సుత. లోపల పదిహేను దాటొద్దని రాయుండ్రి" అన్నాను.

పదిహేనులో తన కారు నడవదన్నాడు కారు సారు.

"నడవకుంటే తోసుకరా సారు. నేను పన్నెండేండ్లు తోసిన."

ఈసారి నవ్వు నా వైపు వచ్చింది. చేతులెత్తమంటే ఒక్కరు తప్ప అందరూ ఎత్తారు. టీచరమ్మ పట్టీ ఉన్న చెయ్యే ఎత్తబోయి నొప్పికి దించి, రెండోది ఎత్తింది. సెక్రటరీ సారు గేటు కాగితం చింపించాడు గానీ, మరి ఆ గడిలో ఏం రాయాలని మళ్లీ మొదటికొచ్చాడు.

గేటు దగ్గరికి పోయి వాచ్‌మన్ చేతిలోంచి పెన్ను తీసుకున్నాను. నంబరు గడిలో రాశాను: నంబరు లేదు. అవసరం లేదు.

"గడి దాటింది పెద్దమ్మా" అన్నాడు వాచ్‌మన్.

"దాటనీ" అన్నాను.

గంపలు ఖాళీగానే ఉన్నాయి. అయినా మూడు గల్లీలూ ఒక చుట్టు చుట్టి వచ్చాను.

ఆ రోజు అక్కడ ఉన్నది సెక్రటరీ సారు, టీచరమ్మ, చెయ్యెత్తని కారు సారు, ముందు నవ్వి తర్వాత చేతులెత్తిన ఇద్దరు, టైము లేదన్న ఒకాయన, అందించబోయిన కోడలమ్మ, వెనక వరసల్లో ఓ పదిమంది ఇళ్లవాళ్లు, వాచ్‌మన్, నేను.